పన్ను వేరుకు వైద్యం: భయపడకండి, సగంలో ఆపకండి

(వయోజన విద్యా కేంద్రంలో మహిళలకు చెప్పిన మాటలు)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా!

మీరు ఇప్పుడు బోర్డులు చదువుతున్నారు. బస్సు మీద ఊరి పేరు చదువుతున్నారు. దుకాణం మీద పేరు చదువుతున్నారు. ఒకసారి మన అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా బోర్డులు చదువుకుంటూ నడవండి. కోచింగ్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. హాస్టళ్ల బోర్డులు కనిపిస్తాయి. వాటి మధ్యలో పళ్ల డాక్టర్ల బోర్డులు కూడా ఉంటాయి. వాటి మీద "రూట్ కెనాల్" అనే మాట చూస్తారు. కొన్ని చోట్ల "ఆర్.సి.టి." అని మూడు అక్షరాలే ఉంటాయి. రెండూ ఒకటే.

ఈ మాట వినగానే చాలామందికి భయం. "పంట్లో నరం గుంజుతరట గదా టీచరమ్మా?" అని అడుగుతారు. "పీకించుకుంటే ఒక్కరోజుతో పోతది. దీనికి నాలుగుసార్లు ఎవరు తిరుగుతరు?" అంటారు. "నొప్పి తగ్గింది, ఇంక ఎందుకు?" అని ఊరుకునేవాళ్లూ ఉన్నారు.

ఈ మూడు మాటలకు జవాబు ఈ రోజు చెప్పుకుందాం.

పన్ను లోపల ఏముంది?

పన్ను రాయి లాగా కనిపిస్తుంది. కానీ అది రాయి కాదు. దానికి ప్రాణం ఉంది.

పన్ను పైన తెల్లని పొర ఉంటుంది. దాన్ని పింగాణి పొర అంటారు. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది అదే. ఎముక కన్నా గట్టిది. దాని కింద కొంచెం పసుపు రంగు పొర ఉంటుంది. అది పింగాణి అంత గట్టిగా ఉండదు. అన్నిటికన్నా లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. ఆ గుజ్జులో సన్నని రక్తనాళాలు, నరాలు ఉంటాయి.

చెట్టుకు వేరు ఉన్నట్టే పన్నుకూ వేరు ఉంది. చిగురు కింద, దవడ ఎముకలో దిగి ఉంటుంది. ఆ వేరు లోపల సన్నని గొట్టం లాంటి దారి ఉంటుంది. గుజ్జు ఆ దారిలో వేరు చివరి దాకా పోతుంది. "రూట్" అంటే వేరు. "కెనాల్" అంటే కాలువ. వేరులో ఉన్న కాలువను శుభ్రం చేసే వైద్యమే రూట్ కెనాల్.

ముందు పళ్లకు మామూలుగా ఒకే కాలువ ఉంటుంది. కింది దవడ పళ్లకు ఎక్కువగా మూడు ఉంటాయి. పై దవడ పళ్లకు మూడో, నాలుగో ఉంటాయి. అందుకే దవడ పన్ను వైద్యానికి ఎక్కువ సమయం పడుతుంది. పైసలు కూడా ఎక్కువ అవుతాయి.

పంట్లో పురుగు ఉంటుందా?

"పిప్పి పంట్లో పురుగు ఉంది, పొగ పట్టి తీస్తాం" అని కొందరు తిరుగుతుంటారు. కాగితం మీద తెల్లని పురుగులు కూడా చూపిస్తారు. అది మోసం. పంట్లో అలాంటి పురుగు ఉండదు.

మరి పన్ను ఎందుకు పుచ్చిపోతుంది? మన నోట్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న తీపి వాటికి తిండి. చక్కెర టీ, బిస్కెట్లు, చాక్లెట్లు, పళ్ల సందుల్లో ఇరుక్కున్న పిండి పదార్థాలు అన్నీ వాటికి తిండే. అవి తీపిని తిని పులుపు లాంటి ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పింగాణి పొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. మొదట చిన్న మచ్చ వస్తుంది. తర్వాత గుంట పడుతుంది. అప్పుడు నొప్పి ఉండదు. అప్పుడే పోతే డాక్టరు గుంట శుభ్రం చేసి నింపుతారు. ఒక్కరోజుతో పని అయిపోతుంది. ఖర్చు కూడా తక్కువ.

మనం పోము. గుంట లోపలికి దిగుతుంది. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. ఇంకా దిగి గుజ్జు దగ్గరికి పోతుంది. అప్పుడు నొప్పి మొదలవుతుంది. వేడి తగిలినా, చల్లన తగిలినా నొప్పి చాలాసేపు పోదు. రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువ అవుతుంది. చెవి దాకా, తల దాకా గుంజుతుంది. ఏ పన్ను నొస్తుందో కూడా తెలియదు.

నొప్పి పోయింది, రోగం పోయిందా?

ఇక్కడే మనం మోసపోతాం. జాగ్రత్తగా వినండి.

ఒక అమ్మను అనుకుందాం. హాస్టల్లో వంట చేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. పన్ను నొప్పి వచ్చింది. సెలవు పెడితే ఆ రోజు పైసలు పోతాయి. మందుల దుకాణానికి పోయి గోలీ తెచ్చుకుంది. వేసుకుంది. తగ్గింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వేసుకుంది. ఇట్లా పది రోజులు గడిచాయి. ఒకరోజు నొప్పి పూర్తిగా పోయింది. "దేవుడు చల్లగా చూసిండు" అనుకుంది.

నిజానికి ఏం జరిగింది? పన్ను లోపలి గుజ్జు చచ్చిపోయింది. నరం చచ్చిపోయింది కాబట్టి నొప్పి తెలియడం లేదు. రోగం మాత్రం వేరు చివరి నుంచి ఎముకలోకి దిగుతోంది. అక్కడ చీము పడుతుంది. కొన్నాళ్లకు చిగురు మీద చిన్న పొక్కు వస్తుంది. అది పగిలి చీము కారుతుంది. మళ్లీ వస్తుంది. ఒకరోజు తెల్లారేసరికి బుగ్గ వాచిపోతుంది.

మంట చూపించే దీపం ఆరిపోయింది. మంట ఆరలేదు. అంతే తేడా.

గోలీలు నొప్పిని కాసేపు తగ్గిస్తాయి. చీము తగ్గించే గోలీలు కూడా పంటి లోపలికి సరిగా చేరవు. లోపల చచ్చిపోయిన గుజ్జుకు రక్తం పోదు కదా! రక్తం పోనిచోటికి మందు ఎట్లా పోతుంది? అందుకే గోలీలతో పిప్పి పన్ను బాగుపడదు. పైగా ఖాళీ కడుపున రోజూ నొప్పి గోలీలు మింగితే కడుపులో పుండు పడవచ్చు. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

కొందరు గోలీని పొడి చేసి పన్ను పక్కన పెట్టుకుంటారు. చిగురు కాలిపోతుంది. అట్లా చేయవద్దు. లవంగ నూనె కొంచెం దూది మీద వేసి పెట్టుకుంటే కాసేపు ఉపశమనం ఉంటుంది. అది డాక్టరు దగ్గరికి పోయే దాకానే. అది వైద్యం కాదు.

డాక్టరు ఏం చేస్తారు?

తెలియనిది భయపెడుతుంది. తెలిస్తే భయం సగం పోతుంది. ఒక్కొక్కటీ చెప్తాను.

మొదట పన్నుకు ఎక్స్‌రే తీస్తారు. వేరు ఎట్లా ఉంది, చీము ఎంత దాకా పోయింది అని అందులో చూస్తారు. పన్నుకు తీసే ఎక్స్‌రే చాలా చిన్నది.

తర్వాత చిగురుకు మత్తు సూది వేస్తారు. సూది గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది. కాసేపటికి పెదవి, బుగ్గ మొద్దుబారతాయి. అప్పుడు పని మొదలుపెడతారు. బాగా చీము పట్టిన పన్నుకు మత్తు తొందరగా ఎక్కదు. నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తండి. ఓర్చుకోవాలని లేదు. డాక్టరు ఆపి మళ్లీ మత్తు ఇస్తారు.

పన్ను చుట్టూ పలుచని రబ్బరు తెర కడతారు. మందు గొంతులోకి పోకుండా, ఉమ్మి పంట్లోకి రాకుండా అది కాపాడుతుంది. పన్ను పై భాగంలో చిన్న రంధ్రం చేస్తారు. సూది లాంటి సన్నని పరికరాలతో కాలువలో ఉన్న చెడిపోయిన గుజ్జును తీసేస్తారు. "నరం గుంజడం" అని మనం అనుకునేది ఇదే. మత్తు ఉంటుంది కాబట్టి ఆ గుంజుడు మనకు తెలియదు. తర్వాత మందు నీళ్లతో కాలువను బాగా కడుగుతారు.

శుభ్రమైన కాలువను ఖాళీగా వదలకూడదు. వదిలితే మళ్లీ సూక్ష్మజీవులు చేరతాయి. అందుకని అందులో గట్టా పెర్చా అనే పదార్థం నింపుతారు. ఇది మలేషియా, ఇండోనేషియా దేశాల్లో పెరిగే ఒక చెట్టు పాల నుంచి వస్తుంది. రబ్బరు లాంటిదే. ఎక్కడో అడవిలో చెట్టు పాలు మన పంటి వేరును మూస్తున్నాయి!

ఆ తర్వాత పైన గట్టి సిమెంటు నింపుతారు. దవడ పన్ను అయితే మామూలుగా దాని మీద తొడుగు వేస్తారు. దాన్నే క్యాపు అంటారు.

ఈ పని ఒక్కరోజులో కావచ్చు. రెండు మూడుసార్లు రమ్మని కూడా చెప్పవచ్చు. చీము ఎంత ఉంది, కాలువలు ఎన్ని ఉన్నాయి అనేదాన్ని బట్టి ఉంటుంది.

ఇంటికి వచ్చాక

మత్తు రెండు మూడు గంటలు ఉంటుంది. అప్పటిదాకా వేడి టీ తాగవద్దు. నమలవద్దు. తెలియకుండా పెదవి కొరుక్కుంటారు.

రెండు మూడు రోజులు ఆ పంటితో కొరికితే కొంచెం నొప్పి ఉండవచ్చు. అది మామూలే. రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరిగితే, వాపు వస్తే, జ్వరం వస్తే వెంటనే అదే డాక్టరు దగ్గరికి తిరిగి పోవాలి.

గట్టి సిమెంటు నింపే దాకా ఆ పక్కన నమలవద్దు.

సగంలో ఆపితే ఏమవుతుంది?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట.

మొదటిసారి పోయి వస్తే నొప్పి తగ్గుతుంది. పంటి మీద తాత్కాలికంగా మెత్తని సిమెంటు పెట్టి పంపుతారు. "మళ్లీ వారం రమ్మన్నరు. నొప్పి లేదు గదా. పనికి పోకపోతే జీతం కోస్తరు." ఇట్లా అనుకుని చాలామంది ఆగిపోతారు.

ఆ మెత్తని సిమెంటు కొన్ని వారాలే ఉంటుంది. తర్వాత అరిగిపోతుంది, ఊడిపోతుంది. ఉమ్మి, తిండి, సూక్ష్మజీవులు మళ్లీ లోపలికి పోతాయి. మళ్లీ చీము వస్తుంది. మొదట పెట్టిన పైసలు పోయినట్టే. ఒక్కోసారి పన్నూ పోతుంది.

గోడలు కట్టి కప్పు వేయకుండా వదిలిన ఇల్లు వానకు ఏమవుతుంది? ఇదీ అంతే.

తొడుగు సంగతీ అట్లాంటిదే. గుంట పడి, రంధ్రం చేసి, పన్ను బోలుగా అయి ఉంటుంది. జొన్న రొట్టె, వేయించిన పల్లీలు, మాంసంలో బొక్క కొరికితే నిలువునా పగిలిపోవచ్చు. వేరు దాకా పగిలితే ఇక పీకడమే. అందుకే దవడ పన్నుకు తొడుగు అవసరం అంటారు. ఒకేసారి పైసలు లేకపోతే డాక్టరుతో చెప్పండి. "తొడుగు ఎన్ని రోజుల్లోపు వేయించుకోవాలి?" అని అడిగి, ఆ రోజులకు పైసలు జమ చేసుకోండి. మహిళా సంఘంలో పొదుపు ఉన్నవాళ్లకు ఇలాంటి అవసరానికే అది పనికి వస్తుంది.

పీకించుకుంటే సరిపోదా?

కొన్ని పళ్లను పీకక తప్పదు. వేరు పగిలినా, పన్ను చిగురు కింది దాకా విరిగిపోయినా, పట్టు లేకుండా కదులుతున్నా కాపాడడం కష్టం. అప్పుడు పీకించుకోవడమే సరైన వైద్యం. అందులో తప్పు లేదు.

కానీ కాపాడగలిగిన పన్నును పీకిస్తే ఏమవుతుంది? పక్క పళ్లు ఆ ఖాళీలోకి వంగుతాయి. ఎదుటి దవడ పన్ను జారి వస్తుంది. సందుల్లో తిండి ఇరుక్కుని అవీ పుచ్చుతాయి. నమలడం తగ్గుతుంది. తర్వాత కట్టుడు పన్ను పెట్టించుకోవాలంటే మళ్లీ ఖర్చు.

"పై పన్ను పీకిస్తే కళ్లు పోతాయి" అని కూడా అంటారు. అది నిజం కాదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. ఆ భయంతో చీము పట్టిన పన్నును ఏళ్ల తరబడి ఉంచుకోవద్దు.

డాక్టరుకు మనం చెప్పవలసినవి

డాక్టరు అడగకపోయినా ఇవి చెప్పండి.

షుగర్, బీపీ ఉన్నాయా? గుండె జబ్బు ఉందా? గుండె కవాటం మార్చారా? రక్తం పలుచబడే గోలీలు వేసుకుంటున్నారా? ఏ మందు అయినా పడక దద్దుర్లు వచ్చాయా? గర్భంతో ఉన్నారా? పాలిచ్చే తల్లులా?

గర్భంతో ఉన్నా ఈ వైద్యం చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల కాలం అనుకూలం. కానీ చీము పట్టి వాపు వస్తే ఏ నెలలో ఉన్నా ఆగకూడదు. ఎక్స్‌రేకు ముందే గర్భం సంగతి చెప్పాలి.

వేసుకునే గోలీల అట్టలు సంచిలో పెట్టుకుని పోండి. మందుల చీటీ పోయినా అట్ట మీది పేరు చెప్తుంది.

మనం అడగవలసినవి

అక్కలారా! నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990ల మొదట్లో అక్కడ చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం ఎందుకని ప్రశ్నించారు. ఆ ప్రశ్న ఊరూరా పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. చదువు మనకు ప్రశ్న అడిగే ధైర్యం ఇస్తుంది. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆ ధైర్యం ఇంట్లో వదిలిపెట్టి పోవద్దు.

ఈ ప్రశ్నలు పలక మీద రాసుకోండి. నోటికి నేర్చుకోండి.

ఏ పన్నుకు చేస్తున్నారు? ఎక్స్‌రేలో చూపించండి.
ఈ పన్నును కాపాడవచ్చా? కాపాడకపోతే ఏం చేయాలి?
ఎన్నిసార్లు రావాలి?
మొత్తం ఎంత అవుతుంది? ఎక్స్‌రే, తొడుగు అందులోనే ఉన్నాయా, వేరేనా?
సూది కొత్తదేనా? పరికరాలు వేడి ఆవిరిలో శుద్ధి చేశారా?

ఇవి అడిగితే మంచి డాక్టరుకు కోపం రాదు. చెప్పిన మొత్తం కాగితం మీద రాయించుకోండి. సంతకం పెట్టమంటే చదివి పెట్టండి. తెలియని మాట ఉంటే అడగండి. ఇప్పుడు మీరు వేలిముద్ర వేసేవాళ్లు కాదు.

బోర్డు మీద డాక్టరు పేరు పక్కన బి.డి.ఎస్. అని గానీ, ఎం.డి.ఎస్. అని గానీ ఉందా చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు ఉందా చూడండి. రోడ్డు పక్కన కూర్చుని పళ్లు పీకేవాళ్ల దగ్గరికి పోవద్దు. శుభ్రం లేని పరికరాల వల్ల కామెర్లు కలిగించే క్రిములు, ఎయిడ్స్ క్రిములు ఒకరి నుంచి ఒకరికి రావచ్చు.

ఎక్కడికి పోవాలి?

ప్రైవేటు క్లినిక్కులో ఈ వైద్యానికి వేలల్లో అవుతుంది. ఒకచోటికీ ఇంకోచోటికీ తేడా ఉంటుంది. రెండుచోట్ల అడిగి నిర్ణయించుకోండి.

మన నగరంలో సర్కారు పళ్ల దవాఖానా ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖానా దగ్గర ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల అది. అక్కడ చదువుకునే డాక్టర్లు పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు. ప్రైవేటు కన్నా ఖర్చు చాలా తక్కువ. రద్దీ ఉంటుంది, ఓపిక కావాలి. పొద్దున్నే పోయి చీటీ రాయించుకోవాలి.

అమీర్‌పేటలో గానీ, పంజాగుట్టలో గానీ ఎల్.బి. నగర్ వైపు పోయే మెట్రో రైలు ఎక్కండి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగండి. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ దగ్గరే. స్టేషన్లలో పేర్లు తెలుగులో ఉంటాయి. మీరే చదువుకుని పోవచ్చు. ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్లు ముందు తమ డిస్పెన్సరీలో అడగండి.

ఇది ప్రమాదం, ఆగవద్దు

బుగ్గ వాపు మెడ దాకా దిగినా, కన్ను మూసుకుపోయేలా వాచినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా పెద్ద దవాఖానాకు వెంటనే పోవాలి. 108కి ఫోన్ చేయాలి. తెల్లారే దాకా ఆగవద్దు. పంటి చీముతో ప్రాణం పోయే ప్రమాదం ఉంది. వాపు మీద వేడి కాపడం పెట్టవద్దు.

పన్ను పుచ్చకుండా ఉండాలంటే

రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోవాలి. రాత్రి పడుకునే ముందు తోముకోవడం మరీ ముఖ్యం. బొగ్గు, ఇటుక పొడి, ఇసుక వాడితే పింగాణి అరిగిపోతుంది. పొగాకు కలిసిన పళ్లపొడితో నోటి క్యాన్సర్ వస్తుంది. తిన్నాక నీళ్లు పుక్కిలించాలి. చక్కెర టీలు తగ్గించాలి.

ఇంకొక్క మాట. పిల్లలకు ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక కొత్త దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది. చాలామంది తల్లులు అదీ పాలపన్నే అనుకుంటారు. "ఊడిపోయేదే గదా" అని వదిలేస్తారు. అది పాలపన్ను కాదు. జన్మంతా ఉండవలసిన పన్ను. అది పోతే మళ్లీ రాదు. ఈ రోజు ఇంటికి పోయి మీ పిల్లల నోరు చూడండి. నల్లమచ్చ కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకండి.

గుర్తు పెట్టుకుందాం

నొప్పి పోతే రోగం పోయినట్టు కాదు.
గోలీ వైద్యం కాదు.
మత్తు ఇచ్చి చేస్తారు, భయం వద్దు.
మొదలుపెట్టిన వైద్యం పూర్తి చేయాలి.
అడగాలి, చదవాలి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.

చదవండి, మాట్లాడుకోండి

1. పన్ను నొప్పి దానంతట అదే పోతే లోపల ఏం జరిగి ఉండవచ్చు?
2. వైద్యం సగంలో ఆపితే ఏమవుతుంది?
3. డాక్టరును అడగవలసిన ప్రశ్నల్లో మూడు రాయండి.
4. మీ ఇంట్లో పన్ను నొప్పితో బాధపడుతున్నవాళ్లు ఎవరు? వాళ్లకు ఈ పాఠం చదివి వినిపించండి.